ముందే రాసిన వార్త

ముఖ్య కార్యాలయం, సమాచార విభాగం,
సోమవారం.

కప్పా,

ఆఫీసు సంచిలో వేస్తే మధ్యాహ్నానికల్లా నీ ఈత కొలనుకి చేరుస్తానని సంచి మనిషి అన్నాడు. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. నువ్వెప్పుడూ నీళ్ళలో ఉంటావు, నీ ఫోన్ గట్టు మీద ఉంటుంది. ఎత్తినా సగం విని "సరే అక్కా" అని పెట్టేస్తావు. ఉత్తరమైతే చివరిదాకా చదవక తప్పదు.

పని మాటకి వస్తాను. వేసవి సంచిక నా నెత్తిన ఉంది. ఊళ్ళో ప్రతి గుమ్మంలోనూ పడే మునిసిపాలిటీ పత్రిక కాబట్టి అందరికీ అందులో ఏదో ఒకటి కావాలి. పార్కులో సాయంత్రం సినిమాలు, పిల్లలకి బొమ్మల పోటీ, లైబ్రరీలో కథలు చెప్పే గంట, పెద్దవాళ్ళకి కళ్ళ పరీక్షలు, ఏ వీధికి ఏ పూట నీళ్ళొస్తాయో పట్టిక, ఏ రోడ్డు తవ్వుతారో, తవ్విందాన్ని ఎప్పుడు పూడుస్తారో. ఆ చివరిది ఇంజనీర్లు చెప్పింది చెప్పినట్టు వేస్తాను. నవ్వుకోవడం చదివేవాళ్ళ ఇష్టం. మధ్య పేజీ మాత్రం నీది. ఈత కొలను వేసవి ప్రారంభోత్సవం.

ఇక్కడి పద్ధతి ఒకటి నీకు చెప్పాలి. పేజీలు ప్రెస్సుకి వెళ్ళి, అచ్చయి, మడతలు పడి, వార్డులకి చేరేసరికి ప్రారంభోత్సవం అయిపోయి ఉంటుంది. ఇళ్ళకి చేరిన పత్రికలో "జరగబోతోంది" అని ఉంటే పాతవాసన కొడుతుందట. అందుకని అన్నీ జరిగిపోయినట్టు ముందే రాసేస్తారు. ఘనంగా జరిగింది, పిల్లలు కేరింతలు కొట్టారు, వార్డు సభ్యురాలు ప్రసంగించారు, అంతా అలాగే. చేరిన కొత్తలో మా పెద్ద గుమాస్తాని అడిగాను, తీరా అది జరగకపోతే ఏం చేస్తారని. ఆయన నన్ను జాలిగా చూశాడు. "జరక్కుండా ఎలా ఉంటుందమ్మా, మనం రాశాం కదా" అన్నాడు.

దినపత్రికలో పనిచేసిన అన్నేళ్ళూ కళ్ళతో చూడనిది ఒక్క లైను రాయలేదు. ఆ పత్రిక మూతపడ్డాక ఈ కుర్చీ దొరికింది. కుర్చీతో పాటు ఈ అలవాటూ వచ్చింది.

నీ ఉద్యోగం పర్మనెంటు చేసే ఫైలు కమిషనరు బల్ల మీద ఉంది. ఆయన్ని ఇక్కడ అందరం పెద్దసారు అంటాం. మన పత్రికని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివేది ఊరు మొత్తం మీద ఆయనొక్కరే. కాబట్టి మధ్య పేజీ బాగుండాలి. ఎవరికి ఏ వేళ ఈత, ఎవరికి పాఠాలు, వివరాలన్నీ రాసి ఇదే సంచిలో తిరిగి పంపు.

అక్క


ఈత కొలను, పంపు గది పక్కన,
బుధవారం.

అక్కా,

నీ ఉత్తరం తడిసింది. అయినా చదివాను.

పొద్దున్న ముందు పెద్దవాళ్ళు, తరువాత ఆడవాళ్ళు, ఎండ దిగాక పిల్లలకి పాఠాలు. సోమవారం సెలవు, కొలను కడగాలి. ఫోటో వేస్తే పాతది వెయ్యి. కొత్తదాంట్లో నా బొజ్జ నాకంటే ముందే నీళ్ళలోకి దిగుతోంది.

ఇక నవ్వే సంగతి కానిది. పంపు పాడైంది. కొలనులో నీళ్ళు లాగి, ఇసుకలో వడకట్టి, మళ్ళీ కొలనులోకి తోసే పంపు అది. లాగుతోంది గానీ తొయ్యడం లేదు. లోతు వైపు అడుగున ఒక నల్ల గీత ఉంటుంది. గట్టు మీద నిలబడితే ఆ గీత కనబడాలి. గీత కనబడకపోతే మునిగిన మనిషీ కనబడడు. పొద్దున్న కనబడుతోంది. ఇప్పుడు వచ్చే కొద్దిమంది దిగి లేచాక మధ్యాహ్నానికి కొలనంతా పాలు కలిపినట్టు ఉంటోంది.

నీళ్ళు పరీక్షించే మందు చుక్కలు కూడా అయిపోయాయి. గాజు గొట్టంలో నీళ్ళు పట్టి ఆ చుక్కలు వేస్తే రంగు వస్తుంది. ఆ రంగు చూసి నీళ్ళు మంచివో కావో చెబుతాం. ఇప్పుడు చుక్కలు లేవు, గొట్టం మాత్రం ఉంది. ఇంజనీరుని అడిగితే, ముందు ప్రారంభోత్సవం కానియ్యి, తరువాత చూద్దాం అన్నాడు. తరువాత దేనికండీ, ముందే కదా కావాలి అన్నాను. నీకు మాటలెక్కువయ్యాయి అన్నాడు.

గేటు దగ్గర టికెట్లిచ్చే ఆవిడ ఉంది కదా, మేమంతా టికెట్లమ్మ అంటాం, ఆవిడ కూతురు నా దగ్గరే ఈత నేర్చుకుంటోంది. చేపపిల్ల అని పేరు పెట్టాను. పోయిన వేసవిలో నీళ్ళంటే ఏడ్చింది. ఇప్పుడు బయటికి రమ్మంటే ఏడుస్తోంది. ప్రారంభం రోజు అందరికంటే ముందు తనే దూకాలట.

కాబట్టి పంపు బాగయ్యేదాకా ఆ వార్త వెయ్యకు. నువ్వు ఆపావంటే ఇంజనీరు పరుగెత్తుకుంటూ వస్తాడు. నేను ఆపితే నా ఉద్యోగం ఆగుతుంది.

తమ్ముడు

కవరు మీద కప్ప అని రాయకు. సంచి మనిషి ఊరంతా చెప్పాడు.


ముఖ్య కార్యాలయం,
శుక్రవారం.

కప్పా,

కవరు మీద రాయలేదు, లోపల రాస్తున్నాను.

నీ ఉత్తరం వచ్చేసరికి పేజీలు వెళ్ళిపోయాయి. నీ కోసం ఆగలేక పోయిన వేసవి వేళలు, పాత ఫోటోనే వేశాను. ఇప్పుడు ఆపడం కుదరదు. ఒక పేజీ ఆపితే సంచికంతా ఆగుతుంది, నీళ్ళ పట్టిక కూడా ఆగుతుంది. జనం పత్రికని దాచుకునేదే ఆ పట్టిక కోసం. ఇంజనీరుకి ఫోన్ చేశాను. ప్రారంభోత్సవానికి ముందే కొత్త పంపు బిగిస్తానన్నాడు. తడుముకోకుండా చెప్పాడు. అదే రోజు చుక్కలు కూడా పంపిస్తాడట.

నీ గురించి ఒక వాక్యం ఎక్కువ రాశాను. ఏమిటో చెప్పను, అచ్చులో చూసుకుందువు గాని. పెద్దసారు ప్రూఫు చదివి, ఇలాంటివాళ్ళే మనకి కావలసింది అన్నారు. సంతకం అయిపోయినట్టే అనుకో.

పంపు సంగతి ఇంకెవరితోనూ అనకు. ఫైలు కదిలే వేళలో ఫిర్యాదులు మంచివి కావు.

అక్క


ఈత కొలను,
ఆదివారం సాయంత్రం.

అక్కా,

ప్రారంభోత్సవం అయింది. నువ్వు వస్తావనుకున్నాను. ముందే రాసేశావు కదా, ఇక చూడటం దేనికి అనుకున్నావేమో.

కొత్త పంపు రాలేదు. పాతదానికి నీలం రంగు వేశారు. చుక్కలూ రాలేదు. పొద్దున్నుంచే జనం మొదలయ్యారు. ఈ ఎండకి వీధులన్నీ ఇక్కడికే వచ్చాయనిపించింది. నేను కొలను చుట్టూ తాడు కట్టి, మెట్లకి అడ్డంగా బల్ల పెట్టాను. అడుగు కనబడటం లేదు, ఇవాళ ఎవరూ దిగకండి అని వచ్చినవాళ్ళకి వచ్చినట్టు చెప్పాను. కొందరు పిల్లల్ని తీసుకుని వెనక్కి వెళ్ళారు. చాలామంది వెళ్ళలేదు. ఒకాయన, గోడల మీద పోస్టర్లు అంటించి పిలిచిందీ మీరే, వద్దంటున్నదీ మీరే, ముందు మీలో మీరు తేల్చుకోండి బాబూ అన్నాడు. ఆయన మాటలో తప్పు లేదు.

వార్డు సభ్యురాలు వచ్చి రిబ్బను కత్తిరించింది. ఖాళీ కొలను ఫోటోలో ఏం బాగుంటుందని ఫోటోగ్రాఫరు గొణిగాడు. ఆవిడ ఇంజనీరు వైపు చూసింది. ఇంజనీరు నా పక్కకి వచ్చాడు.

"ఒక్క గంట. ఫోటో అయిపోగానే అందర్నీ పైకి రప్పిద్దాం. గంటలో ఏం కొంప మునగదు."

"నేను తాడు విప్పను సార్."

"నిన్ను విప్పమన్నదెవరు?" అని ఆయనే విప్పాడు.

ఆ తరువాత నాకు మిగిలింది ఒక్కటే. లోతు వైపు నీళ్ళలోకి దిగి నిలబడ్డాను, ఎవరైనా మునిగితే కాలికైనా తగులుతారని. చేపపిల్ల అన్నట్టే అందరికంటే ముందు దూకింది. పిల్లలు ఎంత సంతోషపడ్డారంటే, నిజం చెప్పొద్దూ, కాసేపు నేనూ పంపుని మర్చిపోయాను. గంట అన్నది సాయంత్రం దాకా సాగింది. ఎవరూ మునగలేదు.

వెళ్తూ వెళ్తూ సభ్యురాలు నా భుజం తట్టి, చేతిరుమాలుతో చెయ్యి తుడుచుకుంది.

తమ్ముడు


ఈత కొలను,
మంగళవారం.

అక్కా,

పిల్లలకి బాగోలేదు. వాంతులు, జ్వరం, ఎర్రబడ్డ కళ్ళు, చెవిపోటు. ఈ చుట్టుపక్కల ఏ వీధిలో అడిగినా ఇదే మాట. చేపపిల్లని ఆస్పత్రిలో చేర్చారు. టికెట్లమ్మ పనికి రాలేదు. కొలనుకి నేనే తాళం వేశాను, ఎవర్నీ అడగలేదు. ఇంజనీరు ఫోన్ ఎత్తడం లేదు.

అక్కడ ఏమనుకుంటున్నారో రాయి.

తమ్ముడు


ముఖ్య కార్యాలయం,
గురువారం.

తమ్ముడూ,

తాళం వెయ్యడం మంచి పని. ఇక మీదట ఏం చేసినా పైవాళ్ళకి చెప్పి చెయ్యి.

ఇక్కడ ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. విచారణ అధికారిని వేస్తారట. ఆస్పత్రికి ఫోన్ చేశాను. పిల్లలు ఒక్కొక్కరే కోలుకుంటున్నారు, చేపపిల్లకి మాత్రం చెవిలో చీము పట్టింది, ఇంకొన్నాళ్ళు ఉంచుతారట. దినపత్రికలవాళ్ళు నీ దగ్గరికి వస్తే విచారణ అయ్యేదాకా మాట్లాడనని చెప్పు. నాతో పాటు పనిచేసిన విలేకరి ఒకాయన నాకే ఫోన్ చేశాడు. నాకేమీ తెలియదన్నాను. ఆ మాట అవతలివాళ్ళ నోట నా ఉద్యోగం పొడుగునా విన్నాను. నా నోట రావడం ఇదే మొదలు.

ఫైలు సంగతి ఇప్పుడు ఎవర్నీ కదపకు.

వేసవి సంచిక వచ్చింది. కాపీలు తక్కువ పడ్డాయి, కొలనుకి పంపడం లేదు. అందులో నువ్వు ప్రత్యేకంగా చూడాల్సిందేమీ లేదు.

అక్క


ఈత కొలను,
శనివారం.

అక్కా,

సంచిక చూశాను. నువ్వు పంపకపోయినా ఎవరో గేటుకి అంటించారు. నా ఫోటో చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టారు. పాత ఫోటోనే వేశావు, సంతోషం.

నీ వాక్యం నీకు గుర్తుండే ఉంటుంది. అయినా మళ్ళీ చదువు. "కొలను పర్యవేక్షకుడు అందరి ఎదుట స్వయంగా నీటిని పరీక్షించి, పిల్లలకు పూర్తిగా సురక్షితమని ప్రకటించిన తరువాతే ఈత మొదలైంది."

విచారణ అధికారి నన్ను పిలిచి ఇదే చదివి వినిపించాడు. మెత్తని మనిషి, ముందు టీ తెప్పించాడు. నేను పరీక్షించలేదు సార్, చుక్కలే లేవు అన్నాను. పంపు సంగతి, బల్ల సంగతి, తాడు సంగతి చెప్పాను. ఇంజనీరు పక్కనే కూర్చున్నాడు. తాడు విప్పింది పర్యవేక్షకుడే, నేను చూశాను అన్నాడు. మొహంలో ఏమీ కదల్లేదు. సభ్యురాలు మధ్యలో లేచి వెళ్ళిపోయింది, ఆవిడకి ఇంకో ప్రారంభోత్సవం ఉందట.

అధికారి పత్రికని నా ముందుకి జరిపి అడిగాడు. "మరి జరగనిది అచ్చులోకి ఎలా వచ్చింది?"

ఎలా వచ్చిందో నాకు తెలుసు. ఆ భవనంలో బల్లలు తుడిచేవాళ్ళకి కూడా తెలుసు. చెబితే నీ కుర్చీ కిందకి నీళ్ళొస్తాయి. తెలియదు సార్ అన్నాను. మన ఇంట్లో ఆ మాట అన్నవాళ్ళం ఇప్పుడు ఇద్దరమయ్యాం.

నాకు నీ మీద కోపం ఉంది. దాన్ని పక్కన పెట్టి ఒక్కటే అడుగుతున్నాను. ఆ వార్త ప్రారంభోత్సవానికి ముందే రాశానని ఆయనకి నువ్వే చెప్పు. నేను చెబితే తప్పించుకోవడానికి అంటున్నాడంటారు. నువ్వు చెబితే సాక్ష్యం అవుతుంది. ఉద్యోగం సంగతి అలా ఉంచు. ఈ వీధిలో పిల్లలందరికీ ఈత నేర్పినవాణ్ణి నేను. ఆ నీళ్ళు మంచివని నేనే అన్నానని ఇప్పుడు వాళ్ళ అమ్మలు అనుకుంటున్నారు.

తమ్ముడు


ఇంటి నుంచి,
ఆదివారం.

తమ్ముడూ,

ఇది సంచిలో వెయ్యను. పోస్టులో వేస్తాను.

వాక్యం నాదే. నీ ఫైలు మీద పెద్దసారు నెలల తరబడి సంతకం పెట్టలేదు. ఈ మనిషి చేసే పనేమిటో నాకు కనబడటం లేదమ్మా అనేవారు. కనబడేట్టు రాద్దామనుకున్నాను. రోజూ నువ్వు చేసే పరీక్షే కదా, ఆ రోజూ చేస్తావనుకున్నాను. చుక్కలు లేవని నీ ఉత్తరం వచ్చింది. అప్పటికి పేజీ ప్రెస్సుకి వెళ్ళింది గానీ అచ్చు మొదలు కాలేదు. ఒక పూట వ్యవధి ఉంది. కుదరదని నీకు రాశాను, కుదిరేది. ఆ ఒక్క వాక్యం తీసేస్తే పెద్దసారు ఎందుకని అడుగుతారు. అడిగితే పంపు సంగతి చెప్పాలి. ఇంజనీరు మాట నమ్మడం తేలిక కాబట్టి నమ్మాను.

నిన్న పెద్దసారుని కలిశాను. ముందే రాసిన వార్త అని నేను అంటుండగానే ఆయన లేచి తలుపు దగ్గరగా వేశారు. ఒక్క వార్త అలాంటిదని ఒప్పుకుంటే అన్నీ అలాంటివే అంటారు, నీళ్ళ పట్టిక కూడా ఎవరూ నమ్మరు, విభాగమే ఎత్తేస్తారు, మీ గుమాస్తా దగ్గర్నుంచి అందరూ ఇళ్ళకి వెళ్ళాలి అన్నారు. అన్నీ నిజాలే. తరువాత మామూలుగా కూర్చుని అన్నారు:

"అయినా రాసిందెవరమ్మా? తోడబుట్టిన అక్క. తమ్ముడి గురించి అక్క లేనిది రాసిందంటే నమ్మేదెవరు?"

వాళ్ళు ఇస్తానంటున్నది ఇదీ. నువ్వు నోరు మెదపకపోతే కొన్నాళ్ళు పక్కన పెట్టి, ఆ తరువాత పార్కుల విభాగంలో మొక్కలకి నీళ్ళు పెట్టే పని. ఒప్పుకోమని నేను అనడం లేదు. వద్దనీ అనడం లేదు. వచ్చే వారం విచారణకి నన్ను కూడా పిలిచారు. ఈ వయసులో నాకు ఇంకో కుర్చీ ఎవరూ వెయ్యరు. ఏం చెప్పాలో ఆలోచిస్తున్నాను.

అక్క


ఈత కొలను క్వార్టర్సు,
శుక్రవారం.

సంపాదకురాలు గారికి,

విచారణలో ఏం జరిగిందో మీకు తెలుసు. అయినా వార్తలు చూడకుండా రాయడం మీకు అలవాటు కాబట్టి, దగ్గరుండి చూసినవాడిగా నేను రాసి పంపుతున్నాను.

మీరు లేత నీలం బట్టలు వేసుకుని వచ్చారు. నా వైపు చూసి తల ఊపారు. అధికారి మిమ్మల్ని మేడమ్ అని, కుర్చీ వేయించాడు. నన్ను నిలబెట్టే ఉంచాడు. ఈ వార్త ఎప్పుడు రాశారని మిమ్మల్ని అడగలేదు. అది అడగకూడదని ఆయనకెవరో చెప్పి ఉంటారు. "ఇందులో ఉన్నది నిజమేనా?" అని మాత్రం అడిగాడు.

అప్పుడు మీరు అన్న మాట: "పత్రికలో వచ్చే ప్రతి వార్తా కార్యాలయం ధ్రువీకరించిన తరువాతే వస్తుంది."

చాలా బాగా కుదిరింది. ఎక్కడా అబద్ధం లేదు. దినపత్రికలో ఉన్నప్పుడు ఇలాంటి మాట చెప్పి తప్పించుకునే ఆఫీసర్లని మీరు ఇంటికొచ్చి తిట్టేవారు. అన్నం తింటూ వాళ్ళలా మాట్లాడి మమ్మల్ని నవ్వించేవారు. ఆ రోజు గదిలో మీ గొంతు అచ్చం అదే.

అధికారి నన్ను, ఇంకేమైనా చెబుతావా అని అడిగాడు. మా అక్క గారు చెప్పారు కదా అన్నాను.

ఉద్యోగం తీసేశారు. పార్కుల పని కూడా లేదు, ఇప్పుడు ఇస్తే నేను బెదిరించి తీసుకున్నట్టు అవుతుందట. ఈ గది ఖాళీ చెయ్యమన్నారు. ఇంజనీరుకి హెచ్చరిక ఇచ్చారు, దాని అర్థం నాకు తెలియదు. సభ్యురాలి పేరు ఎక్కడా లేదు.

నిన్న ఆస్పత్రి నుంచి చేపపిల్లని ఇంటికి తెచ్చారని విని వెళ్ళాను. ఎడమ చెవి వినబడటం లేదట. తరువాత చూద్దాం అన్నారట డాక్టర్లు. టికెట్లమ్మ తలుపు సగమే తీసింది. ఆ రోజు నేను వద్దన్నాను కదమ్మా, బల్ల అడ్డం పెట్టాను కదా అన్నాను. "నేను బయట టికెట్లు చింపుతున్నానండీ, లోపల ఏం జరిగిందో నేను చూడలేదు. పేపర్లో చదివాను" అని తలుపు వేసుకుంది. విసురుగా కూడా వెయ్యలేదు.

గది తాళాలు రేపు సంచి మనిషికి ఇస్తాను. ఇక సంచిలో నాకేమీ వెయ్యకండి.

మాజీ పర్యవేక్షకుడు


ఇంటి నుంచి,
వానలు మొదలైన వారం.

తమ్ముడూ,

నువ్వు ఎక్కడున్నావో తెలుసుకోవడానికి చాలా రోజులు పట్టింది. సంచి మనిషి చెప్పాడు, లాండ్రీలో పనికి కుదిరావని. నువ్వు చదువుతావో లేదో తెలియదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

నేను వెళ్ళి చెప్పాను. విచారణ అధికారికి, పెద్దసారుకి, నాకు ఆ రోజు ఫోన్ చేసిన విలేకరికి, ముగ్గురికీ. ఆ వార్త ప్రారంభోత్సవానికి ముందే రాశాను, నేను అక్కడ లేను, పరీక్ష అన్నది నేను కల్పించింది, పంపు పాడైందని తమ్ముడు ముందే రాసినా ఆపలేదు. ఈ నాలుగు ముక్కలే చెప్పాను. ఏడవలేదు, వాదించలేదు.

అధికారి అంతా విని, విచారణ ముగిసింది మేడమ్ అన్నాడు. నేను లేవకపోయేసరికి ప్రెస్సు మేనేజరుకి ఫోన్ చేశాడు. పేజీలు ఎప్పుడు అందాయో చెబితే చాలు కదా అనుకున్నాను. మేనేజరు, మధ్య పేజీని ప్రారంభోత్సవం తరువాత మార్చి వేశాం అన్నాడు. ఎవరు చెప్పమన్నారో ఊహించగలను, రుజువు చెయ్యలేను. మా పెద్ద గుమాస్తాని సాక్ష్యానికి రమ్మన్నాను. "నా రిటైర్మెంటు దగ్గరపడిందమ్మా" అని మాత్రం అన్నాడు. నేను పట్టుబట్టలేదు. విచారణలో నేను చేసింది అదే కదా.

విలేకరి మిత్రుడు వార్త వేశాడు. లోపలి పేజీలో, చిన్నది. "ఉద్యోగం పోయిన వ్యక్తి సోదరి ఆరోపణ" అని శీర్షిక. అతన్ని తప్పు పట్టను. నేను అతని కుర్చీలో ఉన్నా అదే శీర్షిక పెట్టేదాన్ని. మర్నాడు ఆఫీసు వివరణ వచ్చింది. తమ్ముడు ఉద్యోగం పోగొట్టుకున్న బాధలో ఆవిడ ఇలా మాట్లాడుతున్నారు, ఆవిడ బాధని అర్థం చేసుకుంటున్నాం అని. నన్ను సెలవు మీద పంపారు. అడగకుండా ఇచ్చిన సెలవు.

అక్క కాబట్టి అబద్ధం రాయదని మొదట నమ్మారు. అక్క కాబట్టి నిజం చెప్పదని ఇప్పుడు నమ్ముతున్నారు. ఒకే నోరు, ఒకే తమ్ముడు. విచారణ రోజున చెప్పి ఉంటే పని చేసేదేమో. అప్పటికి నువ్వు ఇంకా ఉద్యోగంలోనే ఉన్నావు, నాకూ పోవడానికి ఒక కుర్చీ ఉంది. పోయేది ఉన్నవాళ్ళ మాటకే బరువు. ఇది తెలిసే ఆ రోజు నోరు మూసుకున్నానేమోనని కూడా అనుమానంగా ఉంది. నన్ను నేను ఎంత నమ్మాలో తెలియడం లేదు.

క్షమించమని అడగడం లేదు. నాకు చేతనైంది రాయడం ఒక్కటే. పొద్దున్నుంచీ ఒక పెద్ద వ్యాసం మొదలుపెట్టాను. కొలను గురించి, నీ గురించి, నువ్వు ఎంతమందికి ఈత నేర్పావో, ఎంత జాగ్రత్తగా పనిచేశావో. ఎవరో ఒకరు వేస్తారు. నీ మాటలు కొన్ని కావాలి. ఒప్పుకుంటే వచ్చి కలుస్తాను.

అక్క


లాండ్రీ, వెనక గది,
ఆదివారం.

అక్కా,

ఉత్తరం చదివాను. ఇక్కడ నీళ్ళకి కొదవ లేదు, కానీ కాగితం తడవలేదు.

నువ్వు చెప్పావని పేపర్లో చూశాను. చెప్పడం తేలిక కాదని తెలుసు. నీకు కోపంగా ఒక ఉత్తరం రాయాలనుకుని మొదలుపెట్టి మానేశాను. నిన్ను తిట్టడానికి కొత్తగా ఏమీ దొరకలేదు.

పని బాగానే ఉంది. దుప్పట్లు, హోటలు బట్టలు. యజమాని మాట్లాడడు, మిషన్ల మోతలో మాట్లాడినా వినబడదు.

మొన్న టికెట్లమ్మ వచ్చింది. బట్టలివ్వడానికి కాదు, నన్ను చూడటానికే. చేపపిల్లని వెంట తెచ్చింది. ఆ పిల్ల ఇప్పుడు ఎవరు పిలిచినా ముందు తల కుడివైపుకి తిప్పుతోంది. స్కూల్లో ముందు బెంచీలో కూర్చోబెట్టారట. నా వైపు చూసి నవ్వింది. ఈత మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. టికెట్లమ్మ చాలాసేపు చేతులు పిసుక్కుని, మీ మీద నాకిప్పుడు కోపం లేదండీ, పొరపాటు ఎవరికైనా జరుగుతుంది అంది. నేను పొరపాటు చెయ్యలేదమ్మా, మా అక్క పేపర్లో చెప్పింది చదివావు కదా అన్నాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. మెల్లిగా అంది: "చదివానండీ. చదివి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. తోడబుట్టిన తమ్ముడి కోసం ఆ మాత్రం అబద్ధం చెప్పకపోతే ఇక అక్క దేనికి? మీరు అదృష్టవంతులు."

ఎంతో మంచి మనసుతో అంది. అవునమ్మా అన్నాను.

వ్యాసం రాయకు. నా గురించి ఇక ఎక్కడా ఏమీ రాయకు. మంచిగా కూడా.

తమ్ముడు